ఆపియాలో శనివారం

“నిప్పు లేనిదే పొగ రాదు, మటావూ గారూ,” అన్నాడు హోలిస్టర్.

“పొగబెట్టేవాళ్ళుంటే నిప్పుతో పనేముంది సార్?” అంది తెలేసియా.

బుధవారం ఉదయం ఎనిమిదింబావు. సమోవా దీవుల్లో హోలిస్టర్ దేశపు ఏలుబడిలో ఉన్న సగం, పాగో పాగో రేవు వీధిలో రెండు గదుల సర్కారు ఆఫీసు. తెలేసియా మటావుకి యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై రెండేళ్ళు ఈ ఊరి పోలీసుల్లో పనిచేసి రిటైరైంది. ఇప్పుడు దేశ రహస్యాలు ముట్టుకునే ఉద్యోగాలకు ఎవరు దరఖాస్తు పెట్టినా, వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీసే పని ఆమెది. ఆమె తవ్వి తీసినదాని మీద సెక్యూరిటీ క్లియరెన్స్ ఇవ్వాలో వద్దో రాసేవాడు హోలిస్టర్. కాలిఫోర్నియా నుంచి వచ్చి మూడు వారాలైంది. అప్పుడే ద్వీపాన్నంతా ఔపోసన పట్టినట్టు మాట్లాడతాడు.

బల్ల మీద సంతకం లేని ఉత్తరం ఒకటి, ఫొటో ఒకటి ఉన్నాయి. రెండూ నిన్న ఆఫీసు తలుపు సందులోంచి లోపలికొచ్చాయి. ఉత్తరం సమోవా భాషలో ఉంది. హోలిస్టర్ వెంట వచ్చిన దుబాసీ తనియెలూ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పెట్టాడు.

హోలిస్టర్ చదివాడు. “మార్చి పదహారు, శనివారం, సాయంకాలం నాలుగు గంటలకు, ఆపియాలోని లోసా గెస్ట్‌హౌస్ వరండాలో, సియెని అనే అమ్మాయి ఒక పరదేశపు సర్వే ఓడ అధికారిని రహస్యంగా కలిసింది. కలిపినవాడు ఆమె అన్న మలాకీ. నా కళ్ళారా చూశాను.” కాగితం కింద పెట్టాడు. “చాలదా? అమ్మాయి పుట్టింది ఇక్కడ, మన గడ్డ మీద. పెరిగింది అమ్మమ్మ దగ్గర ఆపియాలో, అంటే పరాయి దేశంలో. అన్న ఆ దేశపు రేవు శాఖలో ఉద్యోగి. ఇప్పుడిది. నేను తిరస్కరించమని రాసేశాను. రేపు గురువారం హోనొలూలూ విమానంలో ఫైలు వెళ్ళిపోతుంది.”

“పరాయి దేశంలో బంధువులుండటం నేరం కాదు. దాచిపెట్టడం నేరం. ఆ పిల్ల దాచిందా?”

“ఈ అధికారి గురించి రాయలేదుగా!”

“ఎవరు రాశారో తెలియని కాగితం పట్టుకుని ఒక ఆడపిల్ల బతుకు మీద కొట్టడం మీ చట్టంలో ఉందా సార్? నాకు టైమివ్వండి.”

“రేపు ఉదయం పది. ఒక్క నిమిషం కూడా ఎక్కువ లేదు.” హోలిస్టర్ వేలెత్తాడు. “ఇంకో మాట. సమోవా భాషలో ఎవరేం చెప్పినా, తనియెలూ నోటి మీదుగా వస్తేనే రికార్డులోకెక్కుతుంది. మీరు చెప్పే అనువాదం చెల్లదు. మీరు ఇక్కడివాళ్ళు. మీకు అందరూ చుట్టాలే.”

“ఆయనా ఆపియాలో పుట్టినవాడేగా?”

“2009లోనే వదిలేసి వచ్చాడు. మళ్ళీ వెనక్కి చూడలేదు. విదేశీ బంధువులు అన్న చోట ‘ఎవరూ లేరు’ అని రాశాడు. శుభ్రమైన ఫైలు అంటే అదీ!”

పక్క బల్ల దగ్గర కూర్చున్న తనియెలూ వినయంగా నవ్వాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. “మీరు పెద్దవారు, మీకు తెలియందేముంది పెద్దమ్మగారూ,” అన్నాడు.

సమోవాలో పుట్టి చుట్టాలు లేనివాడా! ముళ్ళు లేని చేపని చూసినట్టు చూసింది తెలేసియా. ఉత్తరాన్నీ ఫొటోనీ తన ఫోన్లో తీసుకుని లేచింది.

*

సియెని తన పెద్దమ్మగారింట్లో దిగింది. నాలుగు వైపులా తెరిచి ఉన్న ఇల్లు. తెలేసియా చెప్పులు బయట విడిచి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎదురుగా సియెని. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. హోనొలూలూ నౌకా కేంద్రంలో రేడియో మెకానిక్కు. పన్నెండు మందిని దాటి రహస్య సంకేతాల గదికి ఎంపికైంది. క్లియరెన్స్ వస్తే ఆ గది. రాకపోతే ఆ మచ్చ జన్మంతా ఫైల్లో ఉంటుంది, ఇప్పుడున్న ఉద్యోగం కూడా నిలవదు.

“ఫారంలో విదేశీ బంధువులు నలభై ముగ్గురని రాశావు,” అంది తెలేసియా. “మామూలుగా జనం నలుగురైదుగురిని రాస్తారు.”

“ఇంకా రాసేదాన్నే పెద్దమ్మా, కాగితాలైపోయాయి.”

“వేళాకోళం తర్వాత. మీ అన్న ఆ దేశపు ప్రభుత్వోద్యోగి. రేపెవడో వచ్చి, నీ సంకేతాల కాగితం ఒకటివ్వు, లేకపోతే మీ అన్నని సముద్రంలో తోసేస్తామంటాడు. ఏం చేస్తావ్?”

సియెని ముఖంలో నవ్వు పోయింది. “ముందు మా పై అధికారికి చెప్తాను. తర్వాత మీకు. ఆ తర్వాత మా అన్నకి చెప్తాను, జాగ్రత్తగా ఉండమని. కాగితం మాత్రం ఇవ్వను. ఇస్తే మా అన్నే నన్ను సముద్రంలో తోసేస్తాడు.”

“అన్నతో రాకపోకలు మానేస్తే?”

“ఆ పలాంగీ, ఆ తెల్లదొర కూడా ఇదే అడిగాడు,” అంది సియెని. “అన్నతో మాటలు మానేస్తానని రాసిస్తే క్లియరెన్స్ సంగతి చూస్తానన్నాడు. రాయనన్నాను. జ్వరమొస్తే నన్ను వీపున వేసుకుని నాలుగు మైళ్ళు నడిచాడు పెద్దమ్మా మా అన్న. వాడు లేడని రాసిచ్చేదాన్ని, రేపు దేశానికి మాత్రం నిజం చెప్తానని ఎలా నమ్ముతారు?”

తెలేసియా పోలీసు మొహమే పెట్టి, ఫోనులో ఫొటో చూపించింది. సియెని తెల్ల గౌనులో నవ్వుతూ కూర్చుంది, ఒళ్ళో తెల్ల టోపీ. పక్కనే ఎర్రటి మొహంతో ఒక పరదేశి.

“ఎవరీయన?”

సియెని పరీక్షగా చూసింది. “తెలీదు. భోజనాల దగ్గర పక్కన కూర్చున్నాడు. ఉప్పు అందించమన్నాడు, అందించాను. ఉప్పివ్వడం కూడా దేశద్రోహమేనా?”

“ఫొటో తీసిందెవరు?”

“ఎవరో ఒకతను. నువ్వు అటువైపు నుంచి వచ్చావా, ఆఫీసు వాళ్ళంతా తెలుసా అని గుచ్చి గుచ్చి అడిగాడు. భోజనాలకి వచ్చినవాళ్ళందరి పేర్లూ అడుగుతామా?”

“ఆపియాకి ఎప్పుడెళ్ళావ్?”

“శనివారం పదహారున. పొద్దున తొమ్మిది గంటల విమానం. దిగి పరుగెత్తితే పది గంటల ఆదివారం ప్రార్థన అందింది. సాయంత్రం విమానంలో వెనక్కొచ్చేశాను. ప్రయాణం ఫారంలో కూడా అదే రాశాను, శనివారం పదహారు అని. ఏం పెద్దమ్మా?”

తెలేసియా ఫోనులో ఉత్తరం మళ్ళీ తెరిచి తేదీ చూసింది.

పాగో పాగోలో శనివారమంటే ఆపియాలో ఆదివారం, మధ్యలో తేదీ మారే అంతర్జాతీయ దినరేఖ. ముప్పై అయిదు నిమిషాల ప్రయాణం, గడియారం ముల్లు కదలదు, తేదీ మాత్రం ఒకటి ముందుకి దూకుతుంది. ఇక్కడి చంటిపిల్లాడికైనా తెలుసు. ఇందాక ఉత్తరం విన్నప్పుడు, ఆపియాలో చూసినవాడు ఆపియా తేదీ వేశాడనుకుంది తెలేసియా. సియెని ఎప్పుడు వెళ్ళిందో అప్పటికి ఆమెకి తెలియదు. కానీ సియెని ఆపియాలో ఉన్నది అక్కడి పదిహేడున, ఆదివారం నాడు. అక్కడ పదహారు, శనివారం నడుస్తున్నప్పుడు ఈ పిల్ల ఇక్కడే ఉంది. ఇక్కడ అది శుక్రవారం.

“పదిహేను, శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి ఎక్కడున్నావ్?”

“ఎక్కడుంటాను? ఆ దొర ముందే, చెమటలు కక్కుతూ. మూడున్నర నుంచి అయిదు దాకా ప్రశ్నలే ప్రశ్నలు.”

తెలేసియా పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. సియెని పెద్దమ్మగారు కంగారుపడి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“ఏం లేదమ్మా,” అంది తెలేసియా లేస్తూ. “మీ పిల్లకి సాక్షి దొరికాడు. అది సరే. ఈ మంట పెట్టిందెవరో తేలాలి కదా. నేను పదకొండు గంటల విమానం అందుకోవాలి.”

*

బుధవారం పదకొండింటికి బయల్దేరిన తెలేసియా, గురువారం పదకొండూ ముప్పై అయిదుకి ఆపియాలో దిగింది. లోసా గెస్ట్‌హౌస్‌కి చేరేసరికి పన్నెండుంబావు.

డెబ్బై దాటిన లోసా ఆమెని చూడగానే కేకేసింది. “రావే తల్లీ! ముసలిదాన్ని, చచ్చానో బతికానో చూసిపోదామని వచ్చావా?”

“పనిమీదొచ్చాను లోసా అత్తా. ముందు నీ వరండా చూడనీ. తర్వాత తిట్టు.”

తెలేసియా ఫొటో పట్టుకుని వరండా అంతా తిరిగింది. సియెని వెనకాల కనిపించే స్తంభానికి మోకాలి ఎత్తున గొడ్డలి గాటు ఉంది. అది ఎడమ నుంచి మూడో స్తంభం. అక్కడికి ఎదురుగా వంటింటి మెట్లు. ఫొటో రెండో మెట్టు మీద నిలబడి తీశారు. అయితే ఫొటోలో సియెని ముందు పొడుగు బల్ల ఉంది. ఇప్పుడు అక్కడ బల్ల లేదు. నాలుగు కుర్చీలే ఉన్నాయి.

“బల్లేదీ?”

“గోడకి నిలబెట్టాను. ఆదివారం తప్ప దాన్ని దించం. మిగతా రోజుల్లో బల్ల నిండా కూర్చునే జనమేరీ?”

“శనివారం?”

“శనివారం నా నడుం నన్ను లేవనిస్తేగా!”

ఫొటోలో బల్ల మీద అరిటాకు పొట్లాలున్నాయి. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు. మట్టిపొయ్యి ఆదివారం తెల్లవారకముందే రాజేస్తారు. తెల్ల గౌను, తెల్ల టోపీ ప్రార్థనకి వేసుకునేవి. మూడు సాక్ష్యాలు. మూడూ ఆదివారమనే చెబుతున్నాయి.

“ఈ ఫొటో నీ దగ్గరుందా అత్తా?”

“లేకేం? తీసినవాడు అందరికీ పంపాడు.” లోసా ఫోను తీసి చూపించింది.

అసలు ఫొటోలో పద్నాలుగు మందున్నారు. బల్లకి ఈ చివర మలాకీ, ఆ చివర నిండు తెల్లకోటులో పాస్టరుగారు. ఉత్తరంతో వచ్చిన ముక్కకి అటూ ఇటూ పన్నెండు మందిని కత్తిరించేశారు. పాస్టరుగారి ఎదుట కూర్చుని, ఆయన దీవించిన చేమాకు తింటూ రహస్య మంతనాలు! తెలేసియాకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

“ఈ ఎర్రమొహం ఆయన?”

“రేవులో సర్వే ఓడ ఉందిగా, దానివాడు. ఫొటో తీసినవాడే వెంటబెట్టుకొచ్చాడు. ఆ ఓడకి సరుకులు అందించేది వాడేగా.”

“వాడి పేరు?”

లోసా పేరు చెప్పింది. ఇంటిపేరు కూడా చెప్పింది. ఆ తర్వాత ఇంకో మాట చెప్పింది. తెలేసియా లోసా ఇచ్చిన కోకో కప్పు మెల్లిగా కింద పెట్టేసింది.

“అత్తా, రేపు నేను ఫోన్ చేస్తాను. మాకు గురువారం పది గంటలు, మీకు శుక్రవారం పది. అడిగినవాటికి, ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు.”

“చెప్తానే. నాకేమన్నా దాపరికమా?”

సాయంత్రం విమానంలో తిరిగొచ్చి పాగో పాగోలో దిగేసరికి మళ్ళీ బుధవారమే. రేపటికి వెళ్ళి, రేపటి సంగతి కొంగున కట్టుకుని ఇవాళ్టికి తిరిగొచ్చింది తెలేసియా. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

*

గురువారం, పదికి అయిదు నిమిషాలు. హోలిస్టర్ బల్ల మీద సియెని ఫైలు తాడు కట్టి సిద్ధంగా ఉంది. సియెని గోడవారగా కూర్చుంది. తనియెలూ తన చోట తనున్నాడు.

“అయిదు నిమిషాలుంది,” అన్నాడు హోలిస్టర్.

“మూడు చాలు. పదహారు, శనివారం, నాలుగింటికి, ఆపియాలో. ఉత్తరంలో ఉన్నది ఇదేనా?”

“అదే.”

“అప్పుడు పాగో పాగోలో ఏ వారం?”

హోలిస్టర్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. “శుక్రవారం. పదిహేను.”

“ఆ శుక్రవారం నాలుగింటికి ఈ అమ్మాయి ఎక్కడుందో చెప్పే సాక్షి ఒకాయన ఉన్నాడు. నిజాయితీపరుడే, కాస్త తొందరెక్కువ. ఆయన సంతకం కూడా ఉంది.” తెలేసియా ఫైలు తాడు విప్పి, మధ్యలోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. “చదవండి సార్.”

అది హోలిస్టర్ విచారణ నమోదు పత్రం. ప్రారంభం మూడున్నర, ముగింపు అయిదూ అయిదు, తేదీ మార్చి పదిహేను. కింద ఆయన సంతకమే, వంకర్లతో సహా.

సియెని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హోలిస్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

“తేదీ పొరపాటు పడి ఉండొచ్చు,” అన్నాడు చివరికి. “మరునాడు కలిసి ఉండొచ్చుగా?”

“మరునాడు ఆదివారం. కలిసింది పదమూడు మందిని, పాస్టరుగారితో సహా.” అసలు ఫొటో బల్ల మీద పెట్టింది. “ఇక్కడ కత్తెర పడింది, ఇక్కడ కూడా. మీరన్న పొరపాటు దగ్గరికే వద్దాం. ఆపియావాడు ఆదివారాన్ని శనివారమని చచ్చినా రాయడు. ఈ ఊరివాడూ రాయడు, రోజూ అక్కడివాళ్ళతో ఫోన్లో మాట్లాడతాడు కనక. కళ్ళారా చూసినవాడు అసలే రాయడు. కొత్తగా వచ్చిన మీలాంటి పలాంగీ రాయొచ్చు. కానీ ఉత్తరం ఊరిపెద్దల ముందు మాట్లాడే మర్యాద భాషలో ఉంది. అది మీవల్ల కాదు.”

“అయితే?”

“2011 డిసెంబరు దాకా రెండు ఊళ్ళకీ ఒకటే తేదీ. ఆ ఏడాది చివర్లో ఆపియావాళ్ళు ఒక రోజు మింగేసి దినరేఖకి అటువైపు దూకారు. అంతకుముందే దేశం విడిచిపోయిన సమోవావాడికి వేళ్ళ మీది లెక్కలో ఇప్పటికీ రెండు చోట్లా ఒకటే శనివారం. వార్తల్లో చదివే ఉంటాడు. చదవడం వేరు, అలవాటు వేరు. సియెని ప్రయాణం ఫారంలో ‘శనివారం పదహారు’ అని ఉంటే, దాన్నే ఉత్తరంలోకి ఎత్తేశాడు. ఆ ఫారం ఎక్కడుంటుంది సార్?”

“నా సొరుగులో.”

“తాళాలెన్ని?”

“రెండు. నాదొకటి...” హోలిస్టర్ మాట అక్కడే ఆగింది.

తనియెలూ వెంటనే గొంతు సవరించుకున్నాడు. “నా తాళం ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది సార్. కావాలంటే చూడండి, ఇదిగో...”

“నిన్నెవరూ అడగలేదే నాయనా,” అంది తెలేసియా తీయగా. “గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోకు. ఒక సాక్షి వాంగ్మూలం ఉంది సార్. ఆవిడకి మా భాషే వస్తుంది. నేను అనువదిస్తే చెల్లదన్నారు కదా. నియమం నియమమే. తనియెలూ చెప్తాడు.”

“నాకు... కాస్త గొంతు నొప్పిగా ఉంది సార్.”

“ఇప్పటిదాకా బాగానే మాట్లాడావే!” అన్నాడు హోలిస్టర్. తన నియమం మీద తనే నిలబడక తప్పని మొహం పెట్టాడు. “కానివ్వు.”

ఫోను మోగింది. గదంతా వినబడేలా పెట్టింది తెలేసియా. లోసా గొంతు ఖంగుమంది. తనియెలూ మొదటి ప్రశ్నా జవాబూ అనువదించాడు. ఆవిడ పేరు, వయసు. రెండోదీ చెప్పాడు. ఆదివారం భోజనాలు, పొడుగు బల్ల. అతని చొక్కా వీపు తడిసిపోయింది.

“మూడో ప్రశ్న,” అంది తెలేసియా. “ఫొటో తీసి, ఆ ఓడ అధికారిని వెంటబెట్టుకొచ్చిందెవరు?”

లోసా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. “సకారియా. మా పక్కింటివాడే. ఆ ఓడవాళ్ళకి కుడిభుజం. సియెని అటువైపు నుంచి వచ్చిందని తెలియగానే గాభరాపడి అన్నకి ఫోన్ చేశాడు. వాళ్ళన్న తనియెలూ పెద్ద సునామీ అల రాకముందే దేశం పోయాడు, ఇప్పుడు మీ సర్కారులో దుబాసీ అట. పదిహేనేళ్ళయింది, గుమ్మం తొక్కలేదు. వాళ్ళమ్మ ఇప్పటికీ ప్రతి ఆదివారం వాడి వంతు తీసి పక్కన పెడుతుంది. కనిపిస్తే ఒకసారి వచ్చిపొమ్మను తల్లీ!”

ఫోను ఆగింది.

సమోవా మాట ఒక్కటీ రాని హోలిస్టర్ తెలేసియా మొహం చూశాడు, సియెని మొహం చూశాడు. సియెని కళ్ళు ఇంతలేసి చేసుకుని దుబాసీనే చూస్తోంది.

“ఏమంది?” అన్నాడు హోలిస్టర్. “తనియెలూ! ఆవిడ ఏమంది?”

తనియెలూ కుర్చీ జరిపి లేచాడు. తలుపు వైపు చూశాడు. అక్కడ తెలేసియా పాత శిష్యుడు, కానిస్టేబుల్ వీలీ, గుమ్మానికి అడ్డంగా ఎప్పుడొచ్చి నిలబడ్డాడో నిలబడ్డాడు.

“నేను చెప్పకూడదు సార్,” అంది తెలేసియా. “నాకు అందరూ చుట్టాలే కదా. ఆయనకి ఎవరూ లేరు. ఆయన నోటి మీదుగానే రికార్డులోకెక్కాలి.”

“అనువదించు,” అన్నాడు హోలిస్టర్. ఈసారి గొంతు వేరుగా ఉంది.

తనియెలూ కుర్చీలో కూలబడ్డాడు. లోసా మాటల్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు, ఒక్కొక్కటిగా, మెత్తటి గొంతుతో. ఆవిడ ‘వాళ్ళన్న’ అన్న చోటికి వచ్చేసరికి అతని నోట వేరే మాట వచ్చింది.

“సకారియా,” అన్నాడు, “నా తమ్ముడు. నేను దాచిన ఈ బంధుత్వం సియెని వల్ల బయటపడుతుందని ఉత్తరం నేనే రాశాను.” ఎవరూ అడక్కుండానే, “అమ్మ కూడా ఉంది,” అన్నాడు.

హోలిస్టర్ కలం తీసి, సియెని ఫైలు మీద తను రాసిన ‘తిరస్కరించాలి’ అన్న మాటని అడ్డంగా కొట్టేశాడు. కింద ‘అర్హురాలు’ అని రాసి, సంతకం చేసి, తేదీ వేయబోయి ఆగాడు.

“మటావూ గారూ,” అన్నాడు. “ఇవాళ ఏ తేదీ?”

“మనకా సార్, ఆపియాకా?” అంది తెలేసియా. ఆ వెనక సియెని అప్పటికే ఫోనులో అరుస్తోంది, “అన్నయ్యా! అన్నయ్యా, నీ పేరు కొట్టెయ్యలేదు, నిన్ను అలాగే ఉంచి పాసయ్యాను!”